బ్యాటరీ పనిముట్లు, బ్యాటరీ బండ్లు: పెట్రోల్‌ని ఎక్కడ వదలొచ్చు, ఎక్కడ ఇప్పుడే వదలకూడదు?

వడ్రంగిబల్ల (చర్చ మొదలుపెట్టినవారు):

అందరికీ నమస్కారం. నాది చెక్కపని. దానితోపాటు చెట్లు కొట్టడం, పచ్చిక కోయడం లాంటి పనులూ ఒప్పుకుంటాను. డ్రిల్లు, ఇంపాక్ట్ డ్రైవరు ఎప్పుడో బ్యాటరీవి అయిపోయాయి, వాటి గురించి సందేహం లేదు. ఇప్పుడు పెట్రోల్ చెయిన్ సా, గడ్డి కోసే మిషను, సామాను మోసే చిన్న వ్యాను మూడూ దాదాపు ఒకేసారి మార్చాల్సి వచ్చింది. మూడింటినీ బ్యాటరీకి మార్చేద్దామా అని చూస్తున్నాను.

నా టెన్షన్ పవర్ గురించి కాదు. ఇవాళ కొన్న బ్యాటరీ ప్యాక్ ఏడెనిమిదేళ్ల తర్వాత కూడా దొరుకుతుందా? లేక మంచి మోటారు చేతిలో ఉండి, దానికి పెట్టే బ్యాటరీ లేక పారేయాల్సి వస్తుందా? కొందరేమో "సాలిడ్ స్టేట్ అనే కొత్త రకం బ్యాటరీ వస్తోంది, అప్పటిదాకా ఆగు" అంటున్నారు. రోజూ వాడేవాళ్లు, లోపల విప్పి చూసినవాళ్లు చెప్తే బాగుంటుంది.

టార్క్‌లెక్క:

ముందు అసలు లెక్క చూద్దాం, ఎందుకంటే ఈ వాదన ఎప్పుడూ ఇక్కడే పక్కదారి పడుతుంది. కిలో పెట్రోల్‌లో దాదాపు 12 యూనిట్ల (కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే, అంటే కిలోవాట్ అవర్లు) శక్తి ఉంటుంది. మంచి లిథియం అయాన్ సెల్ తీసుకుంటే కిలోకి పావు యూనిట్, మహా అయితే 0.3. నలభై రెట్లకు పైనే తేడా. ఈ ఒక్క అంకె చూసి "ఇక బ్యాటరీ వల్ల కాదు" అని తేల్చేస్తారు.

కానీ చిన్న టూ స్ట్రోక్ ఇంజన్ ఆ శక్తిలో ఐదో వంతు కూడా చెయిన్‌కి అందించదు. మిగతాదంతా వేడి, పొగ, చప్పుడు. మోటారు 85 నుంచి 90 శాతం అందిస్తుంది. అంటే చేతికి వచ్చే పని దగ్గర తేడా పది రెట్లకు దిగిపోయింది. ఇంకో సంగతి ఉంది. చెయిన్ సా పట్టుకున్న మనిషి గంటలో నిజంగా కోసేది కాసేపే. కొమ్మలు లాగడం, కాలు ఎక్కడ పెట్టాలో చూసుకోవడం, దుంగ తిప్పడం ఇదే ఎక్కువ. ఆ సమయమంతా ఇంజన్ ఖాళీగా తిరుగుతూ పెట్రోల్ తాగుతుంది. మోటారుకి ట్రిగ్గర్ వదిలితే ఖర్చు సున్నా.

బరువు పెద్దగా అడ్డు రాని ప్రతిచోటా బ్యాటరీ ఇప్పటికే గెలిచింది, లేదా గెలవబోతోంది. బరువే ప్రాణమైన చోట మాత్రం కష్టం. 2020లో యూరప్ విమానయాన భద్రతా సంస్థ పిపిస్ట్రెల్ వెలిస్ ఎలక్ట్రో అనే రెండు సీట్ల శిక్షణ విమానానికి సర్టిఫికెట్ ఇచ్చింది. పూర్తిగా బ్యాటరీ మీద ఎగిరే విమానానికి అలాంటి సర్టిఫికెట్ రావడం అదే మొదటిసారి. అది గాల్లో ఉండేది గంటలోపే. సముద్రాలు దాటే విమానానికి ఈ కెమిస్ట్రీ, అంటే సెల్ లోపలి పదార్థాల కూర్పు, చాలదు. మీ వ్యాను సముద్రం దాటక్కర్లేదు కదా.

పాతబోల్టు:

లెక్క కాదనను. కానీ ఈ సంబరం కొత్తది కాదు. 1899లోనే కమీ జెనాట్జీ అనే బెల్జియం రేసర్ బ్యాటరీ కారులో గంటకు వంద కిలోమీటర్ల వేగం దాటాడు. రోడ్డు మీద నడిచే వాహనంలో ఆ వేగం దాటిన మొదటి మనిషి ఆయనే. అయినా తర్వాతి వందేళ్లు రోడ్లన్నీ పెట్రోల్‌వే. తీగ లేని డ్రిల్ కూడా 1961 నాటిదే, బ్లాక్ అండ్ డెకర్ తెచ్చింది, నికెల్ కాడ్మియం సెల్స్‌తో. సోనీ లిథియం అయాన్ సెల్‌ని బజారులోకి తెచ్చింది 1991లో. బరువైన పనిచేసే పనిముట్లలోకి ఆ సెల్ వచ్చేసరికి 2005 అయింది. కెమిస్ట్రీ ల్యాబ్‌లోంచి చేతిలోకి రావడానికి ఇంత కాలం పడుతుంది. కాబట్టి "ఆగు" అన్నవాళ్ల మాట మీరు పట్టించుకోవద్దు. ఆగితే పని ఆగిపోతుంది.

నా అభ్యంతరం వేరు. పెట్రోల్ రంపం పాడైతే నేను బాగుచేస్తాను. కార్బ్యురేటర్ కడిగి, ప్లగ్ మార్చి, పిస్టన్ రింగులు వేస్తే ఇరవై ఏళ్ల నాటి రంపం కూడా లేచి పరుగెత్తుతుంది. ప్యాక్ పోయిన బ్యాటరీ రంపాన్ని నా దగ్గరికి తెస్తే నేనేం చేయాలి? సీలు వేసిన ప్లాస్టిక్ డబ్బా, లోపల తాళం వేసుకున్న సర్క్యూట్ బోర్డు. మోటారు కొత్తదానిలాగే ఉంటుంది, అయినా చెత్తలోకే. ఇది నాకు మింగుడుపడదు.

సెల్‌గూడు:

పాతబోల్టు గారూ, ఆ డబ్బాలు విప్పడమే నా పని, అందుకే ఈ మాట నాకు గట్టిగా తగిలింది. లోపల ఏముంటుందో చెప్తాను.

మామూలు 18 వోల్ట్, 5 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) ప్యాక్‌లో పది సెల్స్ ఉంటాయి. ఎక్కువగా 18650 రకం, అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. రెండేసి సెల్స్ జంటగా, అలాంటి జంటలు ఐదు వరుసగా. సెల్‌కి 3.6 వోల్ట్ చొప్పున ఐదింటికి 18. నిండా చార్జ్ అయితే సెల్‌కి 4.2, మొత్తం 21. డబ్బా మీద "20 వోల్ట్ మ్యాక్స్" అని ఉన్నా, "18 వోల్ట్" అని ఉన్నా లోపల సరుకు అదే.

చచ్చిపోయిందని నా దగ్గరికి వచ్చే ప్యాక్‌లలో పదికి పది సెల్స్ పోవడం అరుదు. ఈమధ్య విప్పినదాంట్లో నాలుగు జంటలు 3.7 దగ్గర ఒకేలా ఉన్నాయి. ఒక్క జంట మాత్రం 1.2 వోల్ట్‌కి పడిపోయింది. మూత తీస్తే నికెల్ పట్టీ మీద స్పాట్ వెల్డింగ్ చుక్కలు తళతళ మెరుస్తున్నాయి, ఎక్కడా తుప్పు లేదు, వాసన లేదు. ఆ ఒక్క జంట వల్ల చార్జర్ ఎర్ర లైటు వెలిగించి మొత్తం ప్యాక్‌నే వద్దంది. చార్జర్ చేసిన పని సరైనదే. ఎందుకలా పడిపోతుందంటే, చాలా పనిముట్ల ప్యాక్‌లలో బోర్డు వోల్టేజీని గమనిస్తుందే తప్ప సెల్స్‌ని సమం చేయదు. కొన్ని డిజైన్లలో బోర్డు తనకు కావాల్సిన కాస్త కరెంటునీ ఒకే జంట నుంచి లాగుతుంది. నెలల తరబడి అరలో పడుంటే ఆ జంటే ముందు ఎండిపోతుంది.

ఒక హెచ్చరిక. ఇలా మరీ కిందికి పడిపోయిన సెల్‌ని బయటి నుంచి కరెంటు ఎక్కించి "లేపడం" వీడియోల్లో చూపిస్తుంటారు. చేయకండి. అంత కిందికి పోయినప్పుడు లోపలి రాగి రేకు కరిగి, మళ్లీ చార్జ్ చేసేటప్పుడు ఉండకూడని చోట పేరుకుంటుంది. అది లోపలే షార్ట్ అవడానికి దారి. సెల్ మార్చాలి, లేపకూడదు.

వడ్రంగిబల్ల:

ఇది నాకు తెలియదు, చాలా థ్యాంక్స్. ఒక చిన్న ప్రశ్న. పెద్ద ప్యాక్ పెడితే ఎక్కువసేపు వస్తుంది సరే, అదే గ్రైండర్‌కి పెద్ద ప్యాక్ పెడితే బలం కూడా పెరిగినట్టు అనిపిస్తుంది. నిజమా, నా భ్రమా?

సెల్‌గూడు:

నిజమే. సెల్‌లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. గ్రైండర్ 40 ఆంపియర్లు లాగితే, రెండేసి సెల్స్ ఉన్న ప్యాక్‌లో ఒక్కో సెల్ మీద 20 పడుతుంది. మూడేసి ఉంటే 13 చిల్లర. ఒక్కో సెల్‌లో వేడి సగానికంటే తక్కువకి దిగుతుంది, వోల్టేజీ కూడా తక్కువ కుంగుతుంది. మీ చేతికి తెలిసేది ఆ కుంగని వోల్టేజే.

నా దృష్టిలో పనిముట్ల భవిష్యత్తంతా ఈ వేడి చుట్టూనే తిరుగుతోంది. కిలోకి ఎన్ని యూనిట్లు అన్నది ఫోన్లకి, కార్లకి పెద్ద ప్రశ్న. రంపానికి అసలు ప్రశ్న: ఎంత వేగంగా, ఎంత తక్కువ వేడితో ఖాళీ చేయగలం? మామూలు స్థూపాకారపు సెల్‌లో చుట్టిన రేకు నుంచి కరెంటంతా ఒకటి రెండు సన్నని ట్యాబ్‌ల (లోహపు పట్టీల) గుండానే బయటికి రావాలి. ట్యాబ్‌లెస్ సెల్‌లో రేకు అంచు మొత్తమే దారి అవుతుంది. టెస్లా 2020లో 4680 సెల్ చూపించినప్పుడు ఈ మాట ఎక్కువమందికి తెలిసింది, ఇప్పుడు పనిముట్ల ప్యాక్‌లలోకీ వచ్చేసింది. డెవాల్ట్ పవర్‌స్టాక్ లాంటివి స్థూపం వదిలేసి చదునైన పౌచ్ సెల్స్ పేర్చాయి. అదే కంపెనీ 2016లో తెచ్చిన ఫ్లెక్స్‌వోల్ట్ ఇంకో దారి. పదిహేను సెల్స్ ఉన్న ప్యాక్ చిన్న పనిముట్టులో పెడితే 20 వోల్ట్‌గా, పెద్దదాంట్లో పెడితే అవే సెల్స్ వరుసగా కలిసి 60 వోల్ట్‌గా పనిచేస్తాయి. వోల్టేజీ మూడింతలైతే అదే పనికి కరెంటు మూడో వంతు చాలు. వీటిలో ఏదీ కొత్త కెమిస్ట్రీ కాదు. ఉన్న సెల్‌నే తెలివిగా వాడటం.

పచ్చకొమ్మ:

చెట్లెక్కి కొమ్మలు నరికే పని నాది. చెట్టు మీద ఒంటిచేత్తో స్టార్టర్ తాడు లాగడం ఎంత ప్రమాదమో చేసినవాళ్లకే తెలుసు. పైన వాడే చిన్న రంపానికి బ్యాటరీ తప్ప ఇంకోటి నేనిక ముట్టుకోను. కింద ఉన్న మనిషి అరిస్తే వినపడుతుంది, అది కూడా ప్రాణరక్షణే. మణికట్టుకి వణుకు తగ్గింది. సాయంత్రం తల బరువుగా ఉండటం పోయింది, ఆ పొగ పీల్చడం వల్లే అలా ఉండేదని ఇప్పుడు అర్థమవుతోంది.

కానీ కింద పడిన మానుని దుంగలుగా కోయడం వేరే కథ. పెద్ద బార్ (చెయిన్ చుట్టూ తిరిగే పొడవాటి పలక) పెట్టి, గట్టి చెక్కలో ఆపకుండా కోస్తూ పోతే రెండో ప్యాక్ సగంలోనే వేడెక్కి ఆగిపోతుంది. వెంటనే చార్జర్‌లో పెడితే చార్జర్ కూడా తీసుకోదు, చల్లారేదాకా ఫ్యాన్ తిప్పుతూ కూర్చుంటుంది. వీపున తగిలించుకునే పెద్ద బ్యాటరీ ఉంటే కొంత నయం. అడవిలో, కరెంటు లేని చోట, రోజంతా చెట్లు పడగొట్టేవాళ్లకి పెట్రోల్ ఇంకా కావాలి. అది ఒప్పుకోకపోతే వాళ్ల పని మనకు తెలియదన్నట్టే.

ఆకులు ఊదే మిషన్‌కి మాత్రం ఏ మినహాయింపూ ఇవ్వను. కాలిఫోర్నియా గాలి నాణ్యత బోర్డు లెక్క ప్రకారం పెట్రోల్ బ్లోయర్ గంట నడిపితే వచ్చే పొగమంచు కాలుష్యం, 2016 నాటి కారులో దాదాపు 1,770 కిలోమీటర్లు వెళ్లినదానితో సమానం. అక్కడ 2024 మోడల్ నుంచి ఇలాంటి చిన్న పెట్రోల్ ఇంజన్లు చాలావరకు కొత్తవి అమ్మకూడదు. ఉన్నవి వాడుకోవచ్చు. ఆ మిషన్ వీపున మోసుకుని పొద్దస్తమానం పీల్చేది ఎవరో ఒక కూలీ. ఈ చర్చలో ఆ మనిషి గురించి ఎవరూ మాట్లాడరు.

చార్జింగ్‌వైరు:

వ్యాను సంగతి నేను చెప్తాను. సామాను మోసే పనికి బ్యాటరీ వ్యాను చక్కగా సరిపోతుంది, ఎందుకంటే మీకు రోజూ ఎంత దూరం తిరుగుతారో ముందే తెలుసు, రాత్రి బండి ఒకేచోట నిలబడుతుంది. చిన్న వ్యాను వంద కిలోమీటర్లకి 20 నుంచి 25 యూనిట్లు తింటుంది. మీ మామూలు రోజు దూరం కాదు, మీ అత్యంత పొడవైన రోజు దూరం వేసుకోండి. చలికి, లోడుకి, పాతబడటానికి కలిపి దాని మీద మూడో వంతు అదనంగా ఉండేలా బ్యాటరీ చూసుకోండి.

కెమిస్ట్రీలో ఇప్పుడు రెండు ప్రధాన దారులు. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఎన్‌ఎంసీ: బరువు తక్కువ, దూరం ఎక్కువ. లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అంటే ఎల్‌ఎఫ్‌పీ: కొంచెం బరువు, కానీ కోబాల్ట్, నికెల్ అక్కర్లేదు, వేలసార్లు చార్జ్ చేసినా నిలబడుతుంది, వేడికి అంత త్వరగా అదుపు తప్పదు. పనిబండికి నేనైతే కళ్లు మూసుకుని ఎల్‌ఎఫ్‌పీ అంటాను. ఒక్క జాగ్రత్త, అప్పుడప్పుడు నూటికి నూరు చార్జ్ చేయాలి. దాని వోల్టేజీ చాలాసేపు ఒకేచోట ఉంటుంది కాబట్టి, ఎంత మిగిలిందో బండికి సరిగ్గా తెలియాలంటే ఆ చివరి అంచు తాకాలి. ఏ లిథియం సెల్‌నైనా గడ్డకట్టే చలిలో చార్జ్ చేయకూడదు. లిథియం లోపలికి పోకుండా పైనే లోహంగా పేరుకుంటుంది.

పెద్ద యంత్రాల గురించి ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. స్విట్జర్లాండ్‌లో ఒక సున్నపురాయి క్వారీలో ఈడంపర్ అనే బ్యాటరీ లారీ ఉంది. క్వారీ కొండపైన, సిమెంట్ పనికి రాయి దించేది కింద. ఖాళీగా ఎక్కుతుంది, 65 టన్నుల రాయితో దిగుతుంది. దిగేటప్పుడు బ్రేకులు పట్టే బదులు మోటార్లు జనరేటర్లుగా తిరిగి బ్యాటరీ నింపుతాయి. ఎక్కడానికి కావాల్సిన కరెంటులో చాలా భాగం అలా రాయి బరువే ఇచ్చేస్తుంది. ఏ డీజిల్ ఇంజనూ దిగుతూ ట్యాంకు నింపుకోలేదు.

కొత్తమీటరు:

నేను విద్యార్థిని. సాలిడ్ స్టేట్ వస్తే ఇవన్నీ మారిపోతాయని మా సార్లు అంటారు. సోడియం బ్యాటరీల సంగతి ఏంటి?

టార్క్‌లెక్క:

సాలిడ్ స్టేట్‌లో ద్రవానికి బదులు ఘన పదార్థం గుండా అయాన్లు నడుస్తాయి. ఆనోడ్‌గా (సెల్‌లోని నెగటివ్ వైపు) లిథియం లోహాన్నే వాడగలిగితే కిలోకి శక్తి బాగా పెరుగుతుంది. చిక్కేమిటంటే చార్జ్ చేసేటప్పుడు లిథియం సూదుల్లా పెరిగి ఆ ఘన పొరలోని సన్నని పగుళ్లలోంచి కూడా దూరుతుంది. పైగా సెల్ ఉబ్బి తగ్గుతుంటే పొరల మధ్య అతుకు వదులుతుంది. టయోటా 2027–28లో కార్లలో పెడతామంటోంది. వచ్చినా ముందు ఖరీదైన కార్లలోకే. గ్రైండర్‌లోకి రావడానికి, పాతబోల్టు గారు చెప్పిన ఆ ఆలస్యం మళ్లీ ఉంటుంది.

సోడియం మీద నాకు ఎక్కువ ఆశ. ఉప్పులో ఉండే మూలకమే, కొరత లేదు. ఆనోడ్ వైపు కూడా రాగి బదులు అల్యూమినియం రేకు వాడొచ్చు. అందుకే సున్నా వోల్ట్‌కి దించినా, సెల్‌గూడు గారు చెప్పిన రాగి కరిగే గొడవ ఉండదు. చలిలో బాగా పనిచేస్తుంది. చైనా బ్యాటరీ కంపెనీ సీఏటీఎల్ 2021లో ప్రకటించిన సెల్ కిలోకి 0.16 యూనిట్లు. తక్కువ దూరం తిరిగే బండ్లకి, గోడకి బిగించే నిల్వకి అది చాలు. పనిముట్లలో ఒక ఇబ్బంది: నిండా ఉన్నప్పుడు, ఖాళీ అయినప్పుడు ఉండే వోల్టేజీల మధ్య తేడా ఎక్కువ, మోటారు కంట్రోలర్ అందుకు తగ్గట్టు తయారుచేయాలి.

ఈ పదిహేనేళ్లలో బండిని నిజంగా మార్చింది ఒక అద్భుత ఆవిష్కరణ కాదు తమ్ముడూ. 2010 నుంచి ప్యాక్ ధర దాదాపు 90 శాతం తగ్గింది. ఫ్యాక్టరీల్లో ఏడాదికేడాది కాస్తకాస్త బాగుచేయడం వల్ల వచ్చిన ఫలితం అది.

పాతబోల్టు:

అంతా బాగుంది, కానీ వడ్రంగిబల్ల గారు అడిగిన మొదటి ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. ప్యాక్ దొరుకుతుందా?

సెల్‌గూడు:

అవును, అదే అసలు ప్రశ్న. లోపలి సెల్ చాలావరకు ఎవరిదైనా ఒకటే, కొలతలు ఒకటే. బయటి ప్లాస్టిక్ గాడి మాత్రం ప్రతి కంపెనీకీ వేరు. ఆ గాడే మనల్ని కట్టేస్తోంది. ఈ కట్టు వదలకపోతే, కెమిస్ట్రీ ఎంత బాగుపడినా చెత్తకుప్పే పెరుగుతుంది.

కొంత కదలిక ఉంది. పనిముట్ల కంపెనీ మెటాబో 2018లో సీఏఎస్ అనే కూటమి మొదలుపెట్టింది. అందులోని కంపెనీల 18 వోల్ట్ ప్యాక్‌లు ఒకరివి ఇంకొకరి పనిముట్లకి పడతాయి. బాష్ వైపు ఆంప్‌షేర్ అనే అలాంటి కూటమే ఉంది. అంతకంటే ముఖ్యమైనది చట్టం. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన బ్యాటరీ నియమాల ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల్లోని బ్యాటరీని వాడేవాడే తీసి మార్చుకునేలా ఉండాలి. ఆ మోడల్ చివరి యంత్రం బజారులోకి వచ్చాక కూడా కనీసం ఐదేళ్లు విడి బ్యాటరీ దొరకాలి. సాఫ్ట్‌వేర్‌తో మార్పిడిని అడ్డుకోకూడదు. స్కూటర్లు, సైకిళ్ల లాంటి తేలిక వాహనాల బ్యాటరీల్లో విడి సెల్స్ కూడా బయటి మెకానిక్ మార్చగలిగేలా ఉండాలి. పాతబోల్టు గారూ, ఆ బయటి మెకానిక్ మీరే.

పాతబోల్టు:

అలా అయితే నేను స్పాట్ వెల్డర్ కొనడానికి సిద్ధం. ఇన్నాళ్లూ నా గొడవ బ్యాటరీతో కాదు, విప్పనివ్వని డబ్బాతో.

పచ్చకొమ్మ:

గొగోరో స్కూటర్ల పద్ధతి చూశారా? తైవాన్‌లో 2015 నుంచి నడుస్తోంది. పది కిలోలలోపు ప్యాక్ తీసి స్టేషన్‌లో పెట్టి, నిండుది తీసుకుని వెళ్లిపోవడమే. ప్యాక్ ముసలిదైతే ఆ బెంగ కంపెనీది, బండి యజమానిది కాదు. 2021లో హోండా, యమహా, పియాజియో, కేటీఎం కలిసి మార్చుకునే బ్యాటరీలకి ఉమ్మడి కొలతలు తేవాలని జట్టు కట్టాయి. తోట పనిముట్లకి కూడా అలాంటిది రావాలని నా కోరిక.

చార్జింగ్‌వైరు:

చేత్తో ఎత్తగలిగే బరువు వరకు మార్పిడి బాగుంటుంది. వ్యాను ప్యాక్ కొన్ని వందల కిలోలు, దాన్ని మార్చడానికి పెద్ద యంత్రమున్న స్టేషన్ కావాలి. చైనా కంపెనీ నియో తన కార్లకి అలాంటివి నడుపుతోంది. కానీ రాత్రంతా ఖాళీగా నిలబడే పనిబండికి అంత హంగామా అవసరం లేదని నా అభిప్రాయం.

వడ్రంగిబల్ల:

చాలా విషయాలు తేలాయి. గడ్డి మిషను, చిన్న రంపం బ్యాటరీవి తీసుకుంటున్నాను, రెండింటికీ ఒకే ప్యాక్ పట్టేలా. కొనేముందు ఆ కంపెనీ గత ఎనిమిదేళ్లలో గాడి మార్చిందా లేదా చూస్తాను, విడి ప్యాక్‌లు ఇంకెవరైనా చేస్తున్నారా అన్నదీ. వ్యాను ఎల్‌ఎఫ్‌పీ. పెద్ద దుంగల కోసం పాత పెట్రోల్ రంపాన్నే పాతబోల్టు గారి లాంటివారికిచ్చి బాగుచేయించుకుంటాను.

సెల్‌గూడు:

మంచి నిర్ణయం. ఇంకొక్క మాట. గడ్డి మిషను పనిలేని నెలల్లో ప్యాక్‌ని సగం చార్జ్‌తో, మిషన్ నుంచి విడదీసి, చల్లటి చోట ఉంచండి. నిండా చార్జ్ చేసి ఎండ తగిలే షెడ్డులో వదిలేస్తే వాడకపోయినా పాడవుతుంది. రెండు మూడు నెలలకోసారి బటన్ నొక్కి లైట్లు చూడండి, ఒక్కటే వెలిగితే కాసేపు చార్జ్ పెట్టి మళ్లీ తీసేయండి. కొనేటప్పుడు ప్యాక్ అడుగున తయారీ తేదీ కూడా చూసుకోండి, దుకాణం అరలో రెండేళ్లు కూర్చున్నది ఇస్తే తీసుకోవద్దు.